మెడ దగ్గరి కాజా

దారం కొసను పెదవులతో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ కాజాలక్క తనలో తాను నవ్వుకుంది. తెల్లవారుజామున మళ్ళీ అదే కల. తను కోటుకు బొత్తాం పట్టే కాజా కుడుతూ ఉంటుంది. వెనక ఎవరో నిలబడి చూస్తుంటారు. ఊపిరి కూడా వినిపిస్తుంది. తిరిగి చూద్దామంటే చెయ్యి కుట్టు మధ్యలో ఉంటుంది. అంతలో మెలకువ వచ్చేస్తుంది.

"అది మంచి కల కాదక్కా," అన్నాడు ఇస్త్రీ తమ్ముడు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు విసురుతూ. "నీ పీట మీద ఎవరో కన్నేశారు."

"ఈ పీట మీదా? ఒక కాలు పొట్టిది. పట్టుకుపొమ్మను."

అతను భయపెట్టాలని చూస్తాడు గానీ, ఆ కల వచ్చిన రోజు ఆమెకు ఒళ్ళంతా హుషారే. దర్జీ దుకాణంలో అద్దమూ మిషన్లూ పరదాకు అవతల. ఇవతల ఈ పీట, పైన చిన్న కిటికీ. మొగుడు చనిపోయిన ఏడాదే వచ్చి కూర్చుంది. కొడుకు ఈ పీట చుట్టూనే పాకాడు. వాడిప్పుడు లారీ నడుపుతున్నాడు. కోటు కుదిరితే జనం మాస్టారిని మెచ్చుకుంటారు. కాజాను చూసేదెవరు? కలలోనైనా ఒకరు చూస్తున్నారు. ఎవరో తెలిస్తే బాగుండును.

పైగా ఇవాళ బ్యాండువాళ్ళ ఎర్రకోట్లు. సాయంత్రం ఈ వీధినే వాయించుకుంటూ వెళ్తారు. డోలు అతని కోటు ఒక్కటే మిగిలింది.

ఆమె ఎప్పుడూ కింది కాజాతో మొదలుపెడుతుంది. చెయ్యి కుదురుకోకముందు కుట్టింది పొట్ట కింద కనబడదు. కుదిరాక కుట్టింది మెడ దగ్గర, అందరి చూపూ పడేచోట ఉంటుంది.

మధ్యాహ్నం ఎర్రగుడ్డ మీద నీడ పడింది. వెనక ఊపిరి. ఈసారి కల కాదు. ముడివేసి గిరుక్కున తిరిగింది.

కోడలు, చేతిలో అన్నం గిన్నె.

"ఎంతసేపైందే వచ్చి?"

"ఇప్పుడే అత్తయ్యా."

"గిన్నె చల్లారిపోయిందిగా!"

"కాజా మధ్యలో పిలవొద్దని మీరేగా అన్నారు. అయ్యేదాకా రోజూ నిలబడతాను. చూస్తుంటే కాళ్ళు కూడా నొప్పెట్టవు."

"తమ్ముడూ, దొంగ దొరికింది!" కాజాలక్క అరిచింది. "కూర్చోవే పిల్లా."

సూది గుచ్చుకోకుండా నడిమి వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తీసి ఇచ్చింది. అది కోడలి సన్నటి వేలి మీంచి జారి, దొర్లుకుంటూ ఇస్త్రీ బల్ల కిందికి పోయింది. ఇస్త్రీ తమ్ముడు చీపురుతో దాన్ని లాగుతూ, "ఆ వేలికి దారమే వదులు!" అన్నాడు. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

తొడుగు అత్తకిచ్చేసి, అది లేకుండానే కోడలు ఒక కాజా కుట్టింది.

"ఎలుక కొరికినట్టుంది. విప్పు."

మళ్ళీ కుట్టింది. సూది గుచ్చుకుంటే వేలు చప్పరించుకుని ఇంకోటి కుట్టింది. ఈసారి అత్త విప్పమనలేదు. గిన్నెలో సగం అన్నం వదిలేసి, ఎడమ భుజం నొక్కుకుంటూ చూస్తోంది.

సాయంత్రం వీధి మొదట్లో బూరా మోగింది. డోలు అతను బనీనుతో పరదా దగ్గర గెంతుతున్నాడు. "అమ్మా, మేళం కదులుతోంది!"

"మెడ దగ్గరిదీ నువ్వే కానియ్యి," అంది కాజాలక్క.

"అమ్మో, అందరూ చూసేదది!"

"అందుకే."

ఆమె కోడలి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఒళ్ళో చేతులతో ఏదో చేసుకుంటోంది. మెడ వెనక అత్త ఊపిరి కోడలికి తగులుతోంది. ఒళ్ళు జలదరించింది గానీ తిరగలేదు. కుట్టు మధ్యలో ఉంది. చివరి ముడివేసి దారం కొరికేసరికి డోలు అతను కోటు లాక్కుని పరుగెత్తాడు.

వీధి దద్దరిల్లింది. ఇస్త్రీ తమ్ముడు పరదా ఎత్తిపట్టాడు. "అక్కా, చూడు చూడు! మెడ దగ్గర కాజా ఎంత కుదురుగా కూర్చుందో!"

"చూశారా అత్తయ్యా?" నవ్వుతూ తిరిగింది కోడలు.

అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇంతసేపూ కోడలి చేతులు కదిలిన చోటు మీదే. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆ హోరులో తెలియలేదు.

ఒళ్ళో తెరుచుకున్న అరచేతిలో ఇత్తడి తొడుగు ఉంది. దాని లోపల, సన్నటి వేలికి సరిపోయేంత మందంగా, ఎర్రదారం చుట్టి ఉంది.