తలుపుకి ఆనించిన రాయి

"ఆ రాయి ఇచ్చీసి తలుపేటితో ఆపుతావు?" అంది గున్నమ్మ.

"ఆళ్ల రాయి ఆళ్లడిగితే ఇవ్వద్దా అత్తా? ఇటికిరాయి ఎట్టుకుందాం," అంది పుష్పవతి.

"ఇటిక జారిపోద్ది. ఇది మూడేళ్లై కదల్లేదు."

పొద్దుటినుంచి ఇదే గొడవ. రోకలి ముక్కలా గుండ్రంగా, జానెడు పొడుగున్న ఆ రాయి స్నానాలగది తలుపు కింద నానుతూ పాచిపట్టి ఉంది. బావగారు సూర్యప్రకాష్ ముఖం కడుక్కుని ఉమ్మేదీ దాని పక్కనే.

మూడేళ్ల కిందట రోలుగుంట దగ్గర ఈ ఇంటివాళ్ల మెట్టభూమిలో బంగారం వెతకడానికి వచ్చినవాళ్లు బోర్లు వేసి, లోపలినుంచి తీసిన ఇలాంటి రాళ్లను పెట్టెల్లో పేర్చి, నర్సీపట్నంలో వీళ్ల షెడ్డులో ఉంచారు. బంగారం ఉంటే తెల్లరాతి చారలోనే ఉంటుందని, ఆ చార తూర్పుకి దిగిందని చెప్పారు. ఆ మాట విన్న వారానికే ఇంట్లో భూమి పంపకాలు జరిగాయి. పుష్పవతి భర్త నానాజీ పోయి అప్పటికి ఏడాది తిరగలేదు.

"సిన్నకోడలికి పడమర సెక్క సాల్లే. మేకలైనా మేపుకుంటాది," అన్నాడు సూర్యప్రకాష్.

తూర్పున ఎన్ని బోర్లు వేసినా చెప్పుకోదగ్గదేమీ దొరక్క వాళ్లు వెళ్లిపోయారు. పుష్పవతి పడమర బండల మధ్య జీడిమొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి బతికించింది. ఈ ఏడే తొలికాపు.

ఇప్పుడు సౌందర్య అనే కొత్త జియాలజిస్టు ఆ పాత పెట్టెలే మళ్లీ చూడడానికి వచ్చింది. ఒక పెట్టెలో ముక్క తక్కువైందని అడిగింది.

పుష్పవతి రాయి తెచ్చి ఇచ్చింది. సౌందర్య దాన్ని శుభ్రంగా కడిగి, తడిమీదే తిప్పి తిప్పి చూసింది.

"ముందొచ్చినవాళ్లు ఈ చార పలకలా నేరుగా తూర్పుకి దిగిందనుకున్నారండీ. చూడండి, ఇక్కడ వంగింది. చాప మడతేసినట్టు. తూర్పున వాళ్లకి తగిలింది మడత అంచే అయ్యుండాలి. మిగతాది పడమటికి దిగాలి. ఈసారి బోర్లు అటు వేస్తాం."

"అయితే పడమర బంగారముందన్నమాట!" సూర్యప్రకాష్ కుర్చీలోంచి లేచాడు.

"ఉందనలేదండీ. వెతకాల్సిన దిక్కు మారిందన్నాను."

ఆ సాయంత్రం తోడికోడలు శ్రీదుర్గ బొచ్చెచేప పులుసు పెట్టింది. అందరితోపాటు కూర్చోమని పుష్పవతికి పీట వేసింది. ఎప్పుడూ లేనిది.

"అక్కడ నీళ్లకి ఎంత కట్టపడతన్నావో మీ అక్క రోజూ అంటాది," మొదలుపెట్టాడు సూర్యప్రకాష్. "తూర్పుది నువ్వు తీసీసుకో తల్లీ. పడమర నాను సూసుకుంటాను. మనలో మనకి పేచీ ఏటి?"

"మూడేళ్లై అనని అక్క ఇయ్యాల అందేటి బావగారూ?"

శ్రీదుర్గ గిన్నెలోకి చూసింది. సూర్యప్రకాష్ నవ్వేసి పక్కనున్నది చేతిలోకి తీసుకున్నాడు. అదే రాయి. పెట్టెలోంచి మళ్లీ తెచ్చేశాడు. దీపానికి దగ్గరగా పట్టి, ఆరిపోయిందని నాలుకతో బారుగా నాకాడు.

"మెరుస్తంది సూడమ్మా!"

గున్నమ్మ వంగి చూసింది. "అవున్రా నాయనా," అంటూ కళ్లకద్దుకుంది.

అతను మరోసారి నాకి, రాయి పక్కన పెట్టి, ఆ వేళ్లతోనే పులుసులోంచి చేప తలకాయ తీసి పుష్పవతి కంచంలో వేశాడు.

"తిను తల్లీ. నువ్వు సిక్కిపోయావు."

పుష్పవతి ఆ తలకాయ ముట్టలేదు. పాచిరాయి గుర్తొచ్చి మాత్రమే కాదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో తన కంచంలోకి తలకాయ రావడం ఇదే మొదలు. కంచం మెల్లగా ముందుకి జరిపి, లేచి చెయ్యి కడుక్కుంది. రుద్ది రుద్ది కడుక్కుంది.

"ఏటే, తినకుండా లేసిపోయావు?" అంది గున్నమ్మ.

పుష్పవతి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"పడమర సెక్క మార్సను అత్తా. సెట్లు కొట్టకుండా బోరు ఏసుకుంటానంటే ఆ అమ్మాయికి నానే సరేనంటాను. బంగారం ఉన్నా లేకపోయినా అది నాదే. రేపటినుంచి నా పొయ్యి వేరు."