విడి గిన్నె

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పాసింజరు రైల్లో ఆదివారం పొద్దున సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా జ్ఞానమ్మ కూర్చోలేదు. భట్టిప్రోలు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడి, కాళ్ళ దగ్గర పెట్టుకున్న సంచిని మాటిమాటికీ విప్పి చూసుకుంది. కందిపొడి సీసా మూత బిగుతుగానే ఉంది. బియ్యప్పిండి జంతికలు నలగలేదు. నువ్వుల చిమ్మిలి అడుగుకి పోయిందేమోనని చెయ్యి పెట్టి తడిమింది. తెనాలిలో దిగి బాపట్ల వైపు బండి పట్టుకోవాలి. ఆ బండి ఆలస్యమైతే హాస్టల్లో మధ్యాహ్నం భోజనాలు మొదలైపోతాయి. పిల్ల ఆకలికి ఆగలేక ఏదైనా తినేస్తే?

జ్ఞానమ్మ రేపల్లెలో చిన్న బడి టీచరు. కూతురు దయామణి బాపట్లలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ, ఒక ప్రైవేటు హాస్టల్లో ఉంటోంది. అది తొంభై మూడో సంవత్సరం. ఆ పిల్లకి గోధుమ పడదు. పాలు పడవు.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. చిన్నప్పుడు దయామణి పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేది. బలం రావాలని అందరూ చెప్పినవన్నీ పెట్టారు. పాలలో బ్రెడ్డు, పాలలో బిస్కెట్లు, గోధుమ జావ. పెట్టినకొద్దీ పిల్ల చిక్కిపోయింది. చివరికి తండ్రి అబ్రహాము సెలవు పెట్టి, భార్యనీ కూతుర్నీ మద్రాసు తీసుకెళ్ళాడు. అక్కడ పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. తెలుగొచ్చిన డాక్టరమ్మ జ్ఞానమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఇన్నాళ్ళూ మీకు తెలియదమ్మా. ఇప్పుడు తెలిసింది. ఇక గోధుమ కలిసింది ఏదీ, చిటికెడైనా లోపలికి పోకూడదు. పాలు కూడా ఆపేయండి."

తెలియనప్పుడు చేసినదానికి ఏడ్చి ఊరుకోవచ్చు. తెలిశాక జరిగితే? అప్పటినుంచీ జ్ఞానమ్మకి కుదురు పోయింది.

వండడం అంత కష్టం కాలేదు. ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె ఎలాగూ బియ్యమూ పప్పులే. బొంబాయి రవ్వ మానేసి బియ్యపు నూకలో పెసరపప్పు వేసి ఉప్మా చేసింది. చపాతీకి బదులు మరిగిన నీళ్ళతో బియ్యప్పిండి కలిపి, అరిటాకు మీద తట్టి పెనం మీద కాల్చింది. నెయ్యి లేకుండా సున్నుండలు నిలవవు గనక నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసింది. క్రిస్మస్‌కి కేకు బదులు నూనెలో అరిసెలు వేసింది. పెరుగు దగ్గరే ఇల్లంతా ఇబ్బంది పడింది. ఆఖరి ముద్ద పెరుగన్నం కాకపోతే తిన్నట్టే ఉండదు అబ్రహాముకి. కూతురి కోసం కొబ్బరిపాలలో ఉప్పూ నిమ్మరసమూ కలిపి తాలింపు పెట్టి ఇచ్చేది జ్ఞానమ్మ. కొన్నాళ్ళకి అబ్రహాము కూడా అదే పోయించుకోవడం మొదలుపెట్టాడు.

పిల్ల కోలుకుంది. బుగ్గలొచ్చాయి, ఎత్తు పెరిగింది. తల్లి మాత్రం కోలుకోలేదు. బళ్ళో ఎవరి పుట్టినరోజైనా సాయంత్రం పిల్ల నోరు వాసన చూసేది. చుట్టాలింటికి వెళితే నేరుగా వాళ్ళ వంటింట్లోకే వెళ్ళేది.

పదో తరగతి అయ్యాక దయామణి ఒకటే మాట అంది.

"నేను బాపట్లలో చదువుతానమ్మా."

"రేపల్లెలో కాలేజీ లేదా ఏంటి?"

"ఉంది. కానీ ఇక్కడుంటే నువ్వు బడి మధ్యలో కూడా నా క్యారేజీ చూడ్డానికి వస్తావ్."

జ్ఞానమ్మకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అబ్రహాము కలగజేసుకున్నాడు. "వెళ్ళనీ. ఎప్పటికైనా ఎక్కడో అక్కడ బతకాలి కదా అది."

హాస్టల్లో వంటమనిషి రంగమ్మ నడివయసు మనిషి. జ్ఞానమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. దయామణికి ఒక గిన్నె విడిగా పెట్టి, దానికి ఎర్రదారం కట్టింది. పూరీలు, ఉప్మా చేసే రోజుల్లో ముందుగా ఆ గిన్నెలో అన్నమూ పప్పూ వండి, మూత పెట్టి పైన అటక మీద పెట్టేది. మిగతావన్నీ జ్ఞానమ్మ ప్రతి ఆదివారం తెచ్చే పొడులు, పచ్చళ్ళు.

దసరా సెలవులు దాటాక దయామణి మళ్ళీ చిక్కడం మొదలైంది. ముందు నోట్లో పుళ్ళు. తరవాత కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు. ఆ ఆదివారం జ్ఞానమ్మ హాస్టలు గేటు తీసేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి.

జ్ఞానమ్మ సంచి అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది. రంగమ్మ పెద్ద గుండిగలో సాంబారు కలుపుతోంది. బయట ఆడపిల్లలు కంచాలు పట్టుకుని నిలబడ్డారు.

"ఈ గరిటేనా మా అమ్మాయి పప్పులో పెట్టేది?"

"లేదండి టీచరుగారూ. పాపకి విడి గిన్నె, విడి గరిటె. అదిగోండి పైన."

"మరి పిల్ల ఎందుకిలా అయింది? పూరీలు చేసిన చేత్తో వడ్డించావా?"

"చెయ్యి కడుక్కోకుండా ఎప్పుడూ ముట్టుకోలేదండి."

"నువ్వు కాకపోతే ఇంకెవరు? దాని నోట్లోకి పోయేది నీ చేతి మీదుగానే కదా!"

రంగమ్మ గరిటె కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ సాంబారు వైపు తిరిగింది. గుమ్మంలో నిలబడిన దయామణి, "అమ్మా, రా" అని మాత్రం అంది. కంచాలు పట్టుకున్న పిల్లలెవరూ తలెత్తలేదు.

ఆ సాయంత్రమే జ్ఞానమ్మ చర్చిలో పరిచయమున్న ఏసుపాదం మాస్టారి ఇంటి వెనక గది మాట్లాడుకుంది. బడికి సెలవు చీటీ పంపింది. అబ్రహాముకి కబురు పెట్టి కిరసనాయిలు స్టవ్వూ, తన గిన్నెలూ తెప్పించుకుంది. కూతుర్ని హాస్టలు నుంచి గదికి తెచ్చుకుంది. ఇక ఎవరి చెయ్యీ తగలదు. మూడు పూటలా తనే వండుతుంది, తనే పెడుతుంది. బియ్యం చేటలో పోసుకుని గింజ గింజా చూసి ఏరింది. బావి నీళ్ళతో గిన్నెలు తోమిందే తోమింది.

పిల్లకి నోరు సహించడం లేదని రోజూ ఘాటుగా చారు పెట్టింది. వేడన్నంలో కందిపొడి, నువ్వులనూనె కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

దయామణికి తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది.

జ్ఞానమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. గదిలో నాలుగడుగులు వేసి గోడ దగ్గర ఆగేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. స్టవ్వు మీది గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేది. మంచినీళ్ళలో ఉందా? నూనెలో ఉందా? మద్రాసు మళ్ళీ వెళ్ళాలా? వంట చేస్తూ చేస్తూ వీధిలోకి వెళ్ళి నిలబడేది, ఎందుకు వచ్చిందో తెలిసేది కాదు. రంగమ్మ లేదు, హాస్టలు లేదు, పూరీల చెయ్యి లేదు. అయినా ఎందుకు?

ఒక పొద్దున దయామణి మంచం మీద ఒరిగి, తల్లి చారు తాలింపు పెట్టడం చూస్తోంది. జ్ఞానమ్మ నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి, చిన్న డబ్బాలోంచి పసుప్పచ్చటి పొడి తీసి ధారాళంగా చల్లింది. గదంతా ఘుమాయించింది.

"అదేంటమ్మా?"

"ఇంగువ."

"మనింట్లో వెల్లుల్లి కదా వేసేది?"

"నువ్వే కదే అన్నావు, కందిపొడి సీసా మూత తీస్తే వెల్లుల్లి వాసనకి పక్కమంచం పిల్ల ముక్కు మూసుకుంటోందని. అందుకని పొడుల్లో అది మానేసి ఇంగువ వేస్తున్నా. చారులో కూడా ఇదే అలవాటైంది."

దయామణి చెయ్యి చాపింది. "ఏదీ, ఇలా ఇవ్వు."

డబ్బా అటూ ఇటూ తిప్పి, కిటికీ వైపు పట్టుకుని పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది. తరవాత తల్లికి అందించి, వేలితో చూపించింది.

జిగురు, గోధుమపిండి, ఇంగువ.

ఇంగువ ముద్దని పొడి చెయ్యడానికి పిండి కలుపుతారని జ్ఞానమ్మకి తెలియదు. గోధుమ పేరు ఉన్నవీ, రొట్టెలా కనిపించేవీ మాత్రమే చూసుకుంటూ వచ్చింది. ఆమె డబ్బా పట్టుకునే నేల మీద కూలబడింది. వెనక్కి వెళ్ళి ఆలోచిస్తే, ఆ పొడులు తెచ్చిన ప్రతి ఆదివారం గుర్తొచ్చింది. ఇంకాస్త వేసుకోవే అని బతిమాలి పెట్టిన ప్రతి ముద్దా గుర్తొచ్చింది.

"నేనే పెట్టాను" అంది చివరికి. "నా చేత్తో నేనే."

"అమ్మా, లే. ముందు ఆ చారు పారబొయ్యి."

"నేనే..."

"తెలిసి పెట్టలేదు కదమ్మా. లే. నాకు ఆకలేస్తోంది. వట్టి అన్నం, ఉప్పు వెయ్యి చాలు."

జ్ఞానమ్మ లేచి చారు పారబోసింది. పొడి సీసాలన్నీ ఇంటి వెనక కాలవలో ఒంపేసింది. అన్నంలో ఉప్పూ నూనే కలిపి ఇచ్చింది. దయామణి మెల్లిగా నమిలి తింటుంటే పక్కనే కూర్చుని ముద్ద ముద్దా చూసింది.

పిల్ల తిన్నాక కొంగు సర్దుకుని హాస్టలుకి వెళ్ళింది. దారిలో రెండు చోట్ల ఆగిపోయింది. వెనక్కి తిరిగిపోదామనిపించింది. అందరి ముందు అన్న మాట, అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. అందుకని కావాలనే భోజనాల వేళకి వెళ్ళింది. కంచాలు పట్టుకుని పిల్లలు అలాగే నిలబడి ఉన్నారు.

"రంగమ్మా, తప్పు నీది కాదు. నేను తెచ్చిన పొడుల్లోనే ఉంది గోధుమపిండి. ఇంగువలో కలిసి ఉంది. చూసుకోలేదు. నిన్ను అనరాని మాటలన్నాను."

రంగమ్మ అన్నం వారుస్తోంది. గంజి అంతా వార్చి, గిన్నె నిలబెట్టాకే తలెత్తింది.

"పాపకెలా ఉందండి?"

"ఇవాళ వట్టన్నం తిన్నది."

"తగ్గుద్దిలెండి." గిన్నె మీద మూత పెట్టి మళ్ళీ అంది. "మీరన్నది మాత్రం నేను మర్చిపోలేనండి టీచరుగారూ. ఈ హాస్టల్లో అందరి ముందు చెయ్యి శుభ్రం లేనిదాన్ని అయ్యాను."

"అవును" అంది జ్ఞానమ్మ. కంచాలు పట్టుకున్న పిల్లల మధ్య నుంచి బయటికి వచ్చేసింది.

దయామణి కోలుకోవడానికి చాలా వారాలు పట్టింది. ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక మళ్ళీ హాస్టలుకే వెళతానంది. ఈసారి పొడులు వద్దంది. రంగమ్మ వంటింట్లో ఒక మూల చిన్న స్టవ్వు పెట్టుకుంటానంది. "నేనే వండుకుంటా. తినే ముందు నేనే చదువుకుంటా. నువ్వు నేర్పు చాలు." రంగమ్మ ఒప్పుకుంటుందా అని జ్ఞానమ్మ సందేహం. దయామణి అప్పటికే అడిగేసింది.

జ్ఞానమ్మ గది ఖాళీ చేసి రేపల్లె వచ్చేసింది. ఆదివారాల ప్రయాణం మాత్రం మానలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం దయామణి స్టేషను దాకా వచ్చి, బండి ఎక్కించబోతూ చెప్పింది. "వచ్చే వారం రాకమ్మా. హాస్టలు పిల్లలం అందరం సూర్యలంక సముద్రానికి వెళుతున్నాం. బియ్యపు రొట్టెలు చేసి పట్టుకెళతా. వాళ్ళు కూడా అవే తింటామన్నారు."

ఆ వచ్చే ఆదివారం జ్ఞానమ్మకి చాలా పొడుగ్గా గడిచింది. చర్చిలో పాట మధ్యలో లేచి బయటికి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం వండి, తినకుండా గుమ్మంలో నిలబడింది. అబ్రహాము చూసి చూసి చెప్పులు తొడుక్కున్నాడు.

"పద. ఫోను చేద్దాం. లేకపోతే నువ్వు బతకవు, నన్ను బతకనివ్వవు."

బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతులోంచి హాస్టలుకి కలిపించారు. హాస్టలు నడిపే మేడమ్ లేరు. ఎత్తింది రంగమ్మ.

"వెళ్ళిందండి, పొద్దున్నే. రొట్టెలు తనే తట్టుకుంది. దోసకాయ పచ్చడి కూడా తనే నూరుకుంది."

"పెనం కడిగిందా?"

"కడిగిందండి."

"నీళ్ళు పట్టుకెళ్ళిందా?"

"పట్టుకెళ్ళిందండి."

ఇంకా అడగాల్సినవి నోటిదాకా వచ్చాయి. జ్ఞానమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. అవతల కొళాయి చప్పుడు వినిపిస్తోంది.

"ఉన్నారా అండి, టీచరుగారూ?"

"ఉన్నాను. నువ్వు తిన్నావా, రంగమ్మా?"

అవతల కొళాయి కట్టేసిన చప్పుడైంది.

"ఇంకా లేదండి. ఇప్పుడే కంచం పెట్టుకుంటున్నా."