ముప్పై ఏడో పేజీ

“మూయ్! ఆ పుస్తకం మూసెయ్ పాపా!”

ట్రస్టు ఛైర్మన్ ఆదినారాయణ కేకకు జమ్మలమడుగు స్కూలు లైబ్రరీ మొత్తం ఉలిక్కిపడింది. తొమ్మిదో తరగతి సంహిత మాత్రం పుస్తకం మూయలేదు. లైబ్రేరియన్ అపర్ణ వైపు చూసింది.

“మూయొద్దు,” అంది అపర్ణ. “ఆ పేజీలో ఏముందో ఇంగోసారి చదువు. వెనక కూర్చున్న మీ అమ్మానాయనలకు గూడా వినపడాల.”

“ప్రొద్దుటూరు స్కూలు గ్రంథాలయం అని ముద్ర ఉంది మేడమ్.”

తల్లిదండ్రుల కుర్చీల్లో గుసగుస మొదలైంది. ప్రొద్దుటూరు పుస్తకానికి జమ్మలమడుగు బీరువాలో ఏం పని?

కాసేపటి కిందటి వరకు అదొక మామూలు వేడుక. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ట్రస్టు నడిపే మూడు స్కూళ్ల పుస్తకాలూ ఆ ఉదయమే ఒకే కంప్యూటర్ కేటలాగులోకి చేరాయి. అందులో వెతకడం పిల్లలకు నేర్పడానికి అపర్ణ ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. పుస్తకం పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే రచయితతో, అదీ తెలియకపోతే విషయంతో వెతకాలని చెప్పింది. ఉదాహరణకు ‘జిల్లా చరిత్ర’ అని కొట్టింది.

ఏ కేటలాగు ముందు కూర్చున్నా ఆమె వేళ్లు మొదట కొట్టేవి ఆ రెండు మాటలే. ఇన్నేళ్లలో ఒక్కసారీ దొరకలేదు. ఇప్పుడు ప్రొజెక్టర్ తెర మీద వరసగా సంపుటాలన్నీ ప్రత్యక్షమయ్యాయి. జమ్మలమడుగు, కిటికీ పక్క బీరువా.

ఆ సంపుటాల కోసమే ఆమె తండ్రి బాలసుబ్బయ్య దొంగ అయ్యాడు. ప్రొద్దుటూరు స్కూలు లైబ్రేరియన్‌గా ఆయన ప్రాణంలా చూసుకున్న పాత సంపుటాలు ఒక వేసవి సెలవుల్లో మాయమయ్యాయి. తాళం నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వే అమ్ముకున్నావని, బడి తెరిచిన రోజే ఆదినారాయణ ఆయనను స్కూలు గేటు బయటికి పంపించాడు. తాళానికి మారు చెవి హెడ్‌మాస్టర్ గదిలో వేలాడుతుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఆ ఇంటికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్న మనిషి ఒక్కడే, హెడ్‌మాస్టర్ రాజశేఖర్. తర్వాత అపర్ణకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

బాలసుబ్బయ్య పులివెందులలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. బస్టాండులో ఎవడో “పుస్తకాల దొంగా” అని పిలిచాక వీధిలోకి రావడం మానేశాడు. ఆ మాట అనిపించినవాడి పేరు నలుగురిలో వినిపించాలి. అపర్ణ లైబ్రరీ సైన్సు చదివింది అందుకే.

సంహిత తెచ్చిన సంపుటానికి మొదటి కాగితం చింపేసి ఉంది. అపర్ణ వెంటనే ముప్పై ఏడో పేజీ తీయమంది. లైబ్రరీ ముద్ర మొదటి కాగితం మీద అందరికీ కనపడేలా వేస్తారు. రెండోది లోపల ఎక్కడో ఒక పేజీ మీద వేస్తారు. ఆ పేజీ ఏదో లైబ్రేరియన్ ఎవరికీ చెప్పడు. బాలసుబ్బయ్య కూతురికి ఒక్కదానికే చెప్పాడు.

“ఏందిమే నీ కత?” ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. “కేటలాగు నేర్పమంటే కోర్టు పెడ్తాండావు? ఎవురి బిడ్డవు నువ్వు?”

“బాలసుబ్బయ్య బిడ్డను సార్.”

ఆయన ముఖం మారింది. “ఓహో! ఆ దొంగ...”

“ఆ మాట మింగేయండి సార్. పుస్తకాలు ఈడే ఉండాయి. మా నాయన ఎవురికి అమ్మినట్టు?”

“ట్రస్టోళ్లకే అమ్మినాడేమోలే!” వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఆదినారాయణ చెవులు ఎర్రబడ్డాయి.

వేడుకకు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన రాజశేఖర్ కుర్చీలోంచి లేచి అపర్ణ పక్కకు వచ్చాడు. “అమ్మా అపర్ణా, పిల్లల ముందర ఇదంతా ఎందుకు తల్లీ? రేపు ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం. నేనుండా కదా.”

“మా నాయనను పిల్లల ముందరే పంపించినారు సార్.”

ఆమె ఫోన్ తీసి తండ్రికి కలిపింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. “నాయనా, నీ సంపుటాలు దొరికినాయి. ఫోను పెట్టేయొద్దు, ఇను.”

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది.

అపర్ణ ఛైర్మన్ వైపు తిరిగింది. “ఈ లైబ్రరీకి మూడు బీరువాల పుస్తకాలు ఇచ్చింది మీరే గదా సార్?”

“నా మిందనే అనుమానమా?” ఆదినారాయణ అరిచాడు. “ఊరంతా ఇచ్చింది! గోతాలు గోతాలు తెచ్చి పోసినారు. ఎవురిది ఏదో ఎవురికి తెల్సు?”

“కేటలాగుకు తెల్సు సార్.”

అది నిజం. పుస్తకం ఇచ్చిన ప్రతివాడూ తన పేరు ఎక్కించుకునేదాకా కదల్లేదు. ఆ పేర్లన్నీ గుమాస్తా ఒక్కటీ వదలకుండా కంప్యూటర్లో కొట్టాడు.

“పిల్లలూ, మూడు రకాలుగా వెతకడం చెప్పినా. ఇది నాలుగోది. పుస్తకం మీకు ముందే దొరికింది, అది ఈడికి ఎట్ల వచ్చిందో తెలుసుకోవాల. అప్పుడు దాని వివరాలు తెరిచి కిందికి పోవాల. దాత అని ఉంటుంది. సంహితా, రా. నువ్వే నొక్కు.”

సంహిత మౌస్ పట్టుకుంది. రాజశేఖర్ ప్రొజెక్టర్ స్విచ్చి మీద చెయ్యి వేశాడు. “చాలమ్మా. ఛైర్మన్ గారి పరువు...”

“నా పరువు సంగతి నేను చూసుకుంటా!” ఆదినారాయణ ఆయన మణికట్టు పట్టి పక్కకు లాగాడు. “నొక్కు పాపా. నా పేరు వచ్చిందంటే ఈ కుర్చీ ఈ పొద్దే ఇడిసిపెడ్తా. రాకపోతే వచ్చినోని సంగతి తేలుస్తా.”

తెర మీద వివరాలు పైకి జరిగాయి. సంహిత చదవసాగింది. “దాత... మాతృమూర్తి పార్వతమ్మ జ్ఞాపకార్థం...” అక్కడ ఆగిపోయింది. కింది వరస చూసి తల దించుకుంది.

ఫోన్లోంచి బాలసుబ్బయ్య గొంతు వచ్చింది. “పార్వతమ్మా? ఆయమ్మ చేతి అన్నం తిన్న్యా నేను. వద్దులేమ్మా అపర్ణా. ఇంగ చాలు. ఇడిసిపెట్టు.”

“ఇడిసిపెట్టను నాయనా. నిన్ను ఎవురు ఇడిసిపెట్టినారు?” ఆమె కళ్లు తెర మీద ఉన్నాయి. ఇన్నేళ్లూ తను పగ పెంచుకున్నది వేరొకరి మీద. పండగ పండగకూ ఆ మనిషి తెచ్చిన చీనికాయలు ఒలిచి తండ్రికి పెట్టింది తనే. ఆ బాధ కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. “చదువు సంహితా.”

“మేడమ్, మీ స్కూలు సారు పేరు...”

“ఎవురైతే ఏంది? గట్టిగా చదువు.”

సంహిత మౌస్ వదిలేసి వెనక్కు జరిగింది. స్విచ్చి పక్కన నిలబడ్డ మనిషి చేతులు జోడించాడు. కళ్లతోనే బతిమాలాడు.

అపర్ణ ఆ జోడించిన చేతులను తీరిగ్గా చూసింది. తర్వాత బల్ల మీది ఫోనుకు దగ్గరగా వంగి, వెనక వరసకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

“నాయనా, నీ పుస్తకాలు దొంగిలించి, వాళ్లమ్మ పేరు మీద దానం చేసినోడు రాజశేఖర్.”