పై అరలో చేతులు

ఆదివారం పొద్దున వలంటీర్లు చెప్పులతో పాటు చేతులు కూడా గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వస్తారు. కింది అర చెప్పులకి, పై అర చేతులకి. బిగుతు గాజు తీసినట్టు ముందు ఒక చెయ్యి తీసి పెడతారు. రెండోదాన్ని అర అంచుకి తగిలించి ఒళ్లు వెనక్కి లాక్కుంటారు. మొదటి వారం కాస్త తడబడ్డారు గానీ ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది.

ఈ పద్ధతి నేను పెట్టిందే. మండపేటలో ఎరువుల కొట్టు మీది హాల్లో, వెబ్ పేజీలు తయారు చేయడం నేర్పే కార్యక్రమం ఒకటి నడుస్తోంది. దాని రూపకల్పన నాది. పాఠాలు ఉండవు. వారానికో సవాలు రాసి గోడకు అంటిస్తాను. నేర్చుకునేవాళ్లు దాన్ని ఎవరికి వారే గెలవాలి. రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ వలంటీర్లు సెలవు మానుకుని వచ్చి పక్కన కూర్చుంటారు. వాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు. ఏమవుతుందనుకున్నారు? ఏమైంది?

మూడో మాట వద్దన్నాను. కీబోర్డు అసలు ముట్టుకోవద్దన్నాను. మనవాళ్లకో జబ్బుంది. ఎదుటివాళ్లు కష్టపడుతుంటే చూడలేరు. "ఇలా ఇవ్వండి" అని లాక్కుని చేసేస్తారు, చేసి పెట్టి నేర్పామనుకుంటారు. ఆ నియమం రాసి అంటించిన మరుసటి ఆదివారం నుంచే వాళ్ల చేతులు ఊడి రావడం మొదలైంది. నేను వడ్రంగిని పిలిచి చెప్పుల స్టాండు మీద ఇంకో అర కొట్టించాను.

నియమం రాసిన మనిషిని కాబట్టి నా చేతులు నా దగ్గరే ఉన్నాయి. అందరికీ టీ పట్టించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

హాలు సంగతి కూడా చెప్పాలి. నేర్చుకునేవాళ్లు ఎంతమంది ఉంటే అది అంత పొడుగు ఉంటుంది. మొదట్లో అవతలి గోడ కాలువ గట్టు దాకా వెళ్లింది. తరవాత మానేసినవాళ్లు ఒక్కొక్కరే తమ కుర్చీ కింది టైలు ఊడదీసి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లిన ప్రతివాళ్లకీ గోడ ఒక టైలు మేర దగ్గరైంది. నేనెవరినీ తప్పు పట్టను. నాలుగో సవాలు నిజంగానే కష్టం. నొక్కితే ఏదో ఒకటి జరిగే బటన్ తయారు చేయాలి. దాదాపు అందరూ అక్కడే ఆగిపోయారు.

ఈ రోజు మిగిలింది గంగాభవాని ఒక్కతే. హాలు ఇప్పుడు బస్సులో ముగ్గురు కూర్చునే సీటంత ఉంది. కిటికీ పక్కన వలంటీరు దైవసహాయం గారు, మధ్యలో గంగాభవాని, ఇటు చివర ఇంకో వలంటీరు ఫణీంద్ర. నేను వాళ్ల మోకాళ్లకీ గోడకీ మధ్య నిలబడ్డాను. గంగాభవాని లేచి వెళ్లిపోయిందంటే గోడలు రెండూ కలిసిపోతాయి. ఇంక కార్యక్రమం లేదు. నాకు పొద్దుట్నుంచీ భయంగా ఉంది. ఆ భయం పైకి కనపడకూడదని టీ మాటిమాటికీ కలుపుతున్నాను.

గంగాభవాని బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు ప్రకటిస్తుంది. ఆమె చేస్తున్న పేజీ బస్టాండు బోర్డులా ఉంటుంది. కింద ఒక పచ్చ బటన్. దాని మీద "బస్సు వచ్చింది" అని ఉంది. కరెంటు పోయి మైకు మూగబోయినప్పుడు జనం బస్సులు తప్పిపోతున్నారని, వాళ్ల ఫోన్లలో ఈ పేజీ ఉంటే బాగుంటుందని ఆమె కోరిక.

ఆమె బటన్ నొక్కుతుంది. నేను గుమ్మం వైపు చూస్తాను. బస్సు రాదు.

"ఏమవుతుందనుకున్నారండీ?" అని ఫణీంద్ర అడుగుతాడు. అతను రాజమండ్రిలో వెబ్ పేజీలు చేసే ఉద్యోగమే చేస్తాడు, చురుకైనవాడు.

"బస్సొత్తాదనుకున్నానండి."

"ఏమైంది?"

"రాలేదండి."

ఆమె మళ్లీ నొక్కుతుంది. మళ్లీ అవే ప్రశ్నలు, మళ్లీ అవే జవాబులు. ఫణీంద్ర భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తప్పు ఎక్కడుందో అతనికి మొదటిసారి నొక్కినప్పుడే కనపడిపోయింది. చేతుల్లేకపోయినా భుజాలు ఊరుకోవు.

"మేడం, ఒక్క మాటండీ. చిన్న విషయం."

"మూడో మాట లేదు" అంటాను.

"నిదానమే ప్రధానం అన్నారు బాబూ" అంటారు దైవసహాయం గారు. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. ఈ పని ఆయనకి పెద్దగా రాదు. ప్రశ్నలు రెండే కాబట్టి వలంటీరుగా పనికొస్తానని చెప్పి చేరారు.

ఫణీంద్ర లేచి నన్ను తోసుకుంటూ బయటికి వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పటికి రెండు చేతులూ తగిలించుకుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండుతుంది. ఏమనాలో తోచేలోపే అతను కూర్చుని కీబోర్డు తన ముందుకి లాక్కోబోతాడు. చేతులు కదలవు.

అవి మెల్లగా అతని ఒళ్లో వాలి, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంటాయి. కుడి చేతి ఉంగరం వేలికి ఎర్రరాయి ఉంగరం ఉంది.

"అయ్యి నాయి బాబూ" అంటారు దైవసహాయం గారు.

పెళ్లిళ్లలో చెప్పులు మారిపోయినట్టు చేతులు మారిపోయాయి. తొందరలో ఉన్నవాడు సైజు చూసుకోడు.

"నా మాట వినట్లేదండీ ఇవి" అంటాడు ఫణీంద్ర. పాపం, అతనికి చెమటలు పడుతున్నాయి.

"ఎలా వింటాయి? అవతలోళ్లు ఫోను ఎత్తేదాకా ఆగడమే వాటి ఉద్యోగం. ఎన్నేళ్లు ఆగినియ్యో. ఆయ్, ఇప్పుడు నువ్వు చెప్తే మానేత్తాయా?"

ఇంతలో గంగాభవాని కుర్చీలోంచి సగం లేస్తుంది. రెండు గోడలూ ఒకేసారి జరుగుతాయి. నా ముక్కుకి సున్నం అంటుకుంటుంది.

"చేతులు తెచ్చేసుకున్నారుగా. మీరే చేసేత్తే ఇంక నేనెందుకండీ? నాకు రాదని మీకూ తెలిసిపోయింది. డ్యూటీకి టైమైపోతంది, వెళ్తాను."

గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. కోపం వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, సిగ్గుపడినవాళ్లు రారు. ఆమెని ఆపడానికి నేను ఏ నియమమూ రాసుకోలేదు. వంగి ఆమె కింది టైలుని రెండు చేతులతో నొక్కి పట్టుకుంటాను. చేయగలిగింది అంతే.

గంగాభవాని ఆ చేతుల వైపు చూస్తుంది. అవి ఫణీంద్ర ఒళ్లో అలాగే ఉన్నాయి. కీబోర్డు వైపు వెళ్లడం లేదు, ఆమెని కూర్చోమనడం లేదు. చిటికెన వేలు ఒకటి కదిలి, మళ్లీ సర్దుకుంటుంది.

"ఏం చేత్తన్నాయండీ అయ్యి?"

"ఆగుతున్నాయమ్మా" అంటారు దైవసహాయం గారు.

"ఎవరి కోసం?"

"ఇక్కడ నువ్వే కదా ఉన్నావు."

ఆమె సగం లేచినట్టే ఆగుతుంది. గోడలు కూడా కదలడం మానేస్తాయి.

"పొద్దున లేత్తే జనాన్ని ఆగండి, ఆగండి అని నేనే చెప్తానండి" అంటుంది చివరికి. "నా కోసం ఎవరూ ఎప్పుడూ ఆగలేదు."

కూర్చుంటుంది. నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. టైలు మీద నుంచి చేతులు తీయడం మరిచిపోయి అలాగే గొంతుక్కూర్చుని ఉంటాను.

ఈసారి ఆమెని ఎవరూ ఏమీ అడగరు. ఆ చేతులకేసి చూస్తూ తనే చెప్పుకుంటుంది. "నొక్కితే బస్సు రావాలనుకున్నాను. రాలేదు." ఇంకోసారి అంటుంది. ఉన్నట్టుండి నవ్వుతుంది. "అయ్యబాబోయ్, నేను మైకులో ఎప్పుడైనా ఉత్తినే బస్సొచ్చింది అంటానాండీ? అంటే అందరూ లేచి నిలబడతారు, ఒక్కళ్లూ ఎక్కరు. ఏ బస్సో, ఏ ప్లాట్‌ఫారమో చెప్పాలి. దీనికి నేనేం చెప్పలేదు. నొక్కాను, ఊరుకున్నాను."

ఫణీంద్ర నోరు తెరిచి మూసేస్తాడు. అతను దాచుకున్న మాట అదే అని మొహం చెబుతోంది. ఆమె బోర్డు మీది ఒక్కో వరసకీ ఒక్కో పేరు పెడుతుంది. బటన్‌కి ఏ పేరున్న వరసని వెలిగించాలో రాస్తుంది. రెండు చోట్ల తప్పు రాసి, తనే పట్టుకుని దిద్దుతుంది. నా మోకాళ్లు నొప్పి పుడుతున్నా నేను లేవను.

ఆమె బటన్ నొక్కి, అలవాటు కొద్దీ పైకే అంటుంది: "రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లు బస్సు."

బస్సు హాల్లోకి వస్తుంది. రెండు గోడలూ తప్పుకుని దారి ఇస్తాయి. తలుపు తెరుచుకోగానే మానేసినవాళ్లంతా ఒక్కొక్కరే దిగుతారు. చంకలో టైళ్లు ఉన్నాయి. ఎవరూ సంజాయిషీ చెప్పరు, నేనూ అడగను. ఎవరి టైలు వాళ్లు పరుచుకుని, ఎవరి కుర్చీ వాళ్లు వేసుకుంటారు. హాలు సాగుతూ కాలువ గట్టు దాటి అవతలి చేలలోకి వెళ్తుంది. నాకు ప్రాణం లేచొస్తుంది. ఇన్ని వారాల తరవాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంటాను. సున్నం వాసన పోయింది.

ఫణీంద్ర దైవసహాయం గారి దగ్గరికి వచ్చి నిలబడతాడు. "ఒక్క వారం ఉంచుకోవచ్చాండీ వీటిని?"

"ఉంచుకో బాబూ. నీయి నాకియ్యి. మా ఇంట్లో కంప్యూటర్ బాగుచెయ్యాలి."

సవాలు గెలిచిన గంగాభవాని డ్యూటీకి బయల్దేరుతుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆగుతుంది. కాసేపు ఆలోచించి, ఎడమ చెయ్యి తీసి పై అరలో పెడుతుంది. కుడి చెయ్యి అర అంచుకి తగిలించి వెనక్కి లాక్కుంటుంది.

"వచ్చే వారం కొత్తోళ్లు వత్తారు కదండీ, మేడంగారూ. వాళ్ల పక్కన నేనూ కూచుంటాను. ఇప్పట్నించీ అలవాటు చేసుకుంటాను. మైకుకి చేతులెందుకు?"

ఆమె మెట్లు దిగాక నేను ఆ అర వైపే చూస్తూ ఉంటాను. తరవాత నా చేతులు కూడా తీసి ఆమె చేతుల పక్కన పెడతాను. అనుకున్నంత కష్టంగా లేదు. భుజాలు తేలికవుతాయి. వెనక నుంచి, బస్సు దిగిన కుర్రది ఎవరో గ్లాసు తెచ్చి నాకు టీ పట్టిస్తుంది. చక్కెర ఎక్కువైంది, బాగుంది.

దిగువన బస్టాండు మైకులో గంగాభవాని గొంతు వినిపిస్తుంది. ఆమె మా హాలు పేరు చెబుతోంది, ప్లాట్‌ఫారం నంబరు చెబుతోంది. హాలు కుర్చీలతో, బస్సుతో, మనుషులతో సహా మెల్లగా బయల్దేరుతుంది. కిటికీల్లో కాలువ వెనక్కి వెళ్తోంది. మలుపు వచ్చినప్పుడు ఎవరూ కింద పడకుండా, పై అరలో చేతులన్నీ ఒకదాని చిటికెన వేలు ఒకటి పట్టుకుంటాయి.