ఒకసారికి ఒక్కటే

"చూడ్డమేగా నీ పని!" అన్నాడు మా ఆయన, నేను ఉతికిన బట్టలు మడతపెడుతుంటే. "ఇవాళ కాకపోతే రేపు చూస్తావు. అక్కావాళ్లు రోజూ వస్తారా ఏంటి?"

దిండు గలీబు అంచులు కలిపి మడిచాను. కోపమొస్తే నా మడతలు మరీ తిన్నగా వస్తాయి. ఆ లెక్కన మా ఇంటి అలమర చూసి నా కాపురం చెప్పేయొచ్చు.

నిజమే, నా పని చూడటమే. కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాముకు ప్రాసెసర్ ఎప్పుడివ్వాలి, మెమరీ ఎవరికెంత, డిస్కు దగ్గర ముందెవరు, అన్నీ అదే చూసుకుంటుంది. పొద్దస్తమానం అందరికీ అందిస్తూనే ఉంటుంది, ఆగితే తప్ప ఎవరికీ గుర్తు రాదు. దాని లోపలికి తొంగిచూసే టూల్స్, దాని సెట్టింగులు సరిచేసే టూల్స్ చాలా ఉన్నాయి. ఎవరైనా ఊరికే దించుకుని, లోపలి కోడ్ చదువుకుని, కావాలంటే మార్చుకోవచ్చు. మా సర్వర్లకు వాటిలో ఏవి పనికొస్తాయో పోల్చి తేల్చమని నాకప్పగించారు. నెలల తరబడి అదే పని. ఇవాళ మూడింటికి డిపార్టుమెంటు మొత్తానికి ఆన్‌లైన్‌లో చెప్పాలి. చెప్పినవాళ్లకే కొత్త టీమ్ అప్పగిస్తారని అందరికీ తెలుసు.

పొద్దున్నే మా టీమ్ లీడ్ ఫోన్ చేశారు. "ఇంటికి చుట్టాలొస్తున్నారటగా! మీవారు చెప్పారు. మీరేం టెన్షన్ పడకండి, స్లయిడ్లు నాకు పంపేయండి, నేను చెప్పేస్తాను. ఎవరు చెబితే ఏముంది, మనం మనం ఒకటేగా."

ఆయనా మా ఆయనా కలిసి షటిల్ ఆడతారు. నా మీటింగు సంగతి ఆ కోర్టులోనే తేల్చేసుకున్నారన్నమాట. నన్నడిగిన పాపాన ఎవరూ పోలేదు. కిందటి మీటింగులో కూడా లీడ్ ఇలాగే "మనం మనం ఒకటే" అని, నేను వారం రోజులు తలబద్దలు కొట్టుకుని పట్టుకున్న లోపాన్ని "నేను గమనించిందేమిటంటే" అంటూ మొదలుపెట్టారు. నా మైకు మూసి ఉంది. మూసే ఉంచుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పోనీ, ఆయనకు ఈ టూల్స్ మధ్య తేడాలు తెలుసా అంటే అదీ లేదు. ఆమధ్య సర్వర్ నెమ్మదించిందని స్ట్రేస్ అనే టూల్ తగిలించారు. ప్రోగ్రాము కెర్నెల్‌ని అడిగే ప్రతిదాన్నీ అది ఆపి మరీ రాసుకుంటుంది. మంచిదే, కానీ ఆ ప్రోగ్రాముకు నత్తనడక వచ్చేస్తుంది. ఈయన దాన్ని తీయడం మర్చిపోయి, ఇంకా నెమ్మదించిందేమిటని సాయంత్రందాకా జుట్టు పీక్కున్నారు. మా ఆయన కూడా వంటింటి గుమ్మంలో నిలబడి "ఇంకా అవలేదా, ఇంకా అవలేదా" అంటాడు. అవుతున్న పని కూడా ఆగిపోతుంది.

పెర్ఫ్ అనే టూల్ అలా కాదు. మధ్యమధ్యలో ఓ చూపు చూసి, సమయమంతా ఎక్కడ పోతోందో చెబుతుంది. బీపీఎఫ్‌ట్రేస్ అయితే మన ప్రశ్నను కెర్నెల్ లోపలే కూర్చోబెట్టి జవాబు బయటికి పంపుతుంది. ట్యూన్డ్ చూడటం కాదు, సిద్ధంగా ఉన్న సెట్టింగులన్నీ ఒక్క దెబ్బకి మార్చేస్తుంది. వేగం పెరిగినా ఏ మార్పు వల్ల పెరిగిందో తెలియదు, అదీ తంటా. అందుకే నేను చెప్పదలచుకుంది ఇంతే. మొదట పెర్ఫ్‌తో చూడండి, బీపీఎఫ్‌ట్రేస్‌తో కారణం పట్టుకోండి, తర్వాత ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి మళ్లీ కొలవండి.

"పోనీలే అమ్మాయ్," అంది మా అత్తగారు, కూరలు తరుగుతున్న నా పక్కన కుర్చీ వేసుకుని. "మీ వదిన ఎన్నాళ్లకో వస్తుంటే నువ్వు గదిలో కూర్చుంటే ఏం బావుంటుంది? ఉద్యోగం ఎక్కడికి పోతుంది చెప్పు."

ఆవిడ చెడ్డదేం కాదు. అదే నా ప్రాణానికొచ్చింది. చెడ్డవాళ్లయితే ఎప్పుడో ఎదురుతిరిగేదాన్ని. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! వంట మానేస్తాను, ఇల్లు వదిలేస్తాను, అందరి ముందూ మా ఆయన్ని కడిగేస్తాను, అన్నీ ఒకేసారి. తీరా బయటికొచ్చి తువ్వాలు ఆరేసి అందరికీ కాఫీ కలిపేదాన్ని. ఆఫీసులో నలుగురికీ చెప్పే "ఒకసారికి ఒక్కటే" అన్న మాట ఇంట్లో నాకెందుకు తట్టలేదో!

వదిన, అన్నయ్యగారు వచ్చారు, భోజనాలయ్యాయి. నేను చేతులు తుడుచుకుని, "నాకు మీటింగుంది. సాయంత్రందాకా గదిలోంచి రాను," అన్నాను.

"మరి కాఫీలు?" అన్నాడు మా ఆయన.

"ఏమో," అన్నాను.

తలుపు గడియ పెట్టాను. ల్యాప్‌టాప్ తెరిచి మీటింగులో చేరాను. తెరమీద మా లీడ్ అప్పటికే గొంతు సవరించుకుంటున్నారు. "మేడమ్ ఇంటి పనుల్లో ఉన్నారు కాబట్టి, ఆవిడ తరఫున నేను..."

తలుపవతల గిన్నెలేవో కింద పడ్డాయి. అలవాటుగా లేవబోయి కుర్చీ చేతులు పట్టుకున్నాను.

"అమ్మా, కప్పులెక్కడుంటాయే?" మా ఆయన గొంతు. తొమ్మిదేళ్లుగా తను ఉంటున్న ఇల్లు.

"నాకేం తెలుసురా? అన్నీ అదే చూసుకుంటుందిగా!"

మైకు తెరిచాను.

"నేనిక్కడే ఉన్నానండీ," అన్నాను. "నా పని నేనే చెబుతాను."