ఇరవై ఐదో పేజీలో గుర్తు

లైబ్రరీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో కోడలు ఒక ఘనకార్యం చేసింది. పుస్తకాల్లో పెన్సిల్ గీత కనిపిస్తే చాలు, రబ్బరు పట్టుకుని చెరిపేసేది. నెల తిరక్కుండా పెద్దవాళ్ళంతా కౌంటర్ మీద పడ్డారు. అవి పిచ్చిగీతలు కావట, ‘ఇది చదివేశాను’ అని ఎవరికి వాళ్ళు పెట్టుకున్న గుర్తులట. ఒకాయన ఏడో పేజీలో చుక్క పెడతాడు, ఒకావిడ వెనక అట్ట లోపల చిన్న చేప వేస్తుంది. గుర్తులు పోయేసరికి చదివిన పుస్తకాలే మళ్ళీ మోసుకెళ్ళారు పాపం. అందరికంటే గట్టిగా కేకలేసింది ఎవరయ్యా అంటే, సొంత అత్తగారు.

అత్తగారిది ఇరవై ఐదో పేజీ. ఆవిడ చదివేవన్నీ క్రిస్మస్ నవలలే, కాబట్టి ఆ లెక్క. నచ్చితే పువ్వు, నచ్చకపోతే సున్నా. మూడొందల నవలలు నమిలి మింగిన మనిషి, పువ్వులు ఊరికే పంచుతుందా? “నాలుగు పేజీలు మంచు కురిపించి, చివర్లో అందరినీ ఒకచోట కూర్చోబెడితే నవలైపోతుందా?” అంటూ సున్నా చుట్టేసేది.

అలాంటి అత్తగారున్న ఇంట్లో కూర్చుని కోడలు క్రిస్మస్ నవల రాసింది! మారుపేరు పెట్టుకుంది. అచ్చయింది కూడా. సంగతి తెలిసింది మొగుడొక్కడికే. అతని నోట్లో నువ్వుగింజ నానదు గనక మూడుసార్లు ఒట్టు వేయించుకుంది. ప్రచురణకర్త రెండోది రాయమంటున్నాడు. క్రిస్మస్ సెలవులయ్యాక చెబుతానంది. అత్తగారు పువ్వు వేస్తే రాస్తుంది, సున్నా చుడితే ఇక కలం ముట్టదు. రాసిందెవరో తెలియకుండా వేస్తేనే అది పువ్వు, తెలిసి వేస్తే మొహమాటం.

సెలవుల ముందు చివరి రోజు అత్తగారు సంచీ భుజాన వేసుకుని వచ్చింది. మనిషికి ఆరు పుస్తకాలు. అయిదు తీసింది. ఆరోదాని కోసం చెయ్యి బీరువా వెంట నడుస్తూ నడుస్తూ కోడలి నవల దగ్గర ఆగింది. కౌంటర్ వెనక కోడలు ముద్ర ఎత్తి పట్టుకుని అటే చూస్తోంది. అత్తగారు వెనక అట్ట చదివింది. మూతి విరిచింది. లోపల పెట్టేసింది. రెండడుగులు వేసి, ఏమనుకుందో ఏమో, వెనక్కొచ్చి లాగి సంచీలో పడేసింది. కోడలి చేతిలోని ముద్ర తేదీ కాగితం మీద కాకుండా తన బొటనవేలి మీద పడింది.

ఇంటికెళ్ళగానే అత్తగారు ఆరింటికీ పాత పేపరు అట్టలు వేసేసింది, మాసిపోకుండా! ఇక ఆవిడ ఏది చదువుతోందో ఆ దేవుడికే తెలియాలి. పది రోజులూ కోడలికి కాలు ఒకచోట నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో పళ్ళేలు కడుగుతోంది. ఆ కిటికీ గడియ విరిగి రెండేళ్ళయింది, గరిట కాడ దోపితేనే రెక్క ఆగుతుంది. గాలికి గరిట కింద పడిన చప్పుడూ, ముందుగదిలోంచి అత్తగారి నవ్వూ ఒక్కసారే వినిపించాయి. కోడలు తడి పళ్ళెంతోనే పరుగెత్తింది.

“ఏం పుస్తకం అత్తయ్యా? అంత నవ్వొచ్చిందా?”

“నీకెందుకమ్మాయ్? నేల తడుపుతున్నావు, చూసుకో,” అంది అత్తగారు పుస్తకం మూసేసి.

సెలవులయ్యాక లైబ్రరీ తలుపులు తీయగానే మొదట వచ్చింది ఆవిడే. పేపరు అట్టలు తీసిన ఆరు పుస్తకాలనూ కౌంటర్ మీద పెట్టింది. చిరుగులు చూసే వంకతో కోడలు ఒక్కొక్కటే ఇరవై ఐదో పేజీ తిప్పింది. సున్నా. సున్నా. పువ్వు. సున్నా. సున్నా. ఇక మిగిలింది తనదే. అదీ తిప్పింది.

ఏమీ లేదు. పువ్వూ లేదు, సున్నా కూడా లేదు. కాగితం తెల్లగా ఉంది. అంటే చదవనే లేదు. సున్నా వచ్చినా ఇంత బాధపడేది కాదేమో.

“ఇది... చదవలేదా అత్తయ్యా?” కోడలు పుస్తకం ముందుకు జరిపింది.

“రెండుసార్లు చదివాను.”

“మరి గుర్తు పెట్టలేదే?”

“పొరపాటున మళ్ళీ ఇంటికి తెచ్చుకోకుండా ఉండటానికి కదా గుర్తు! దీన్ని మళ్ళీ తెచ్చుకోవద్దూ? ముందు ఇంకో రెండు వారాలు నా పేరున రాయి.”

కోడలు ముద్ర అందుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. తేదీ ముద్ర వేయబోతే కాగితం ఎక్కడుందో కనిపించలేదు.

అత్తగారు పుస్తకాన్ని సంచీలో పెట్టుకుని, కౌంటర్ మీదకు వంగి గొంతు తగ్గించింది.

“మావాడి మీద అనుమానపడకు. పాపం వాడు నోరు విప్పలేదు. నీ నవల్లోలా కిటికీకి గరిట దోపుకునే కొంప ఊరంతటికీ మనదొక్కటే! రెండో నవల రాస్తావు కదా, అందులోనైనా ఆ గడియ బాగుచేయించమ్మా. చదువుతున్నంతసేపూ చలేసింది.”