ముఖం ఉన్న ఫోటోలు

"కూడు ఆరిపోతా ఉండాది. దాన్ని ఎవురికి చూపించేకి పటం పడతా ఉండావే?" అంది మా అత్త కృష్ణమ్మాళ్.

సజ్జ కూడు పక్కన ఉల్లిగడ్డ జరిపి ఇంకో ఫోటో తీశాను. కిటికీ వెలుగు కాసేపే ఉంటుంది. అత్త గిన్నె లాక్కుని తినడం మొదలుపెట్టింది.

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక మా ఇల్లు. నేను అక్కడే పెట్టెలు కట్టే పనికి పోతాను. మా అమ్మాయి కార్తిక విరుదునగర్‌లో కాలేజీ చదువుతుంది. తన పాత ఫోన్ నాకిచ్చింది. ఫోటోలు అమ్మిపెట్టే కంపెనీలు ఉంటాయని, పత్రికల వాళ్ళు, ప్రకటనల వాళ్ళు అక్కడ వెతుక్కుంటారని, ముందు మంచివి పోగుచేసి చూపించాలని చెప్పింది. "నీకు కన్నుందమ్మా" అంది. నాకు చేతులున్నాయని చాలామంది అన్నారు. కన్నుందని ఎవరూ అనలేదు.

పోగుచేశాను. నల్లరేగడిలో విచ్చిన పత్తి, ఎండబోసిన మిరపకాయలు, మందు పూసిన అగ్గిపుల్లలు. పెట్టె మీద కంపెనీ బొమ్మ కనబడితే తీసుకోరట. పెట్టెలు తిరగేసి తీశాను. పత్తి, కాయలు లోకమంతా తీస్తారు, పనిచేసే ఆడవాళ్ళని తియ్యి అంది కార్తిక. ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చునే గాంధిమతిని అడిగాను.

"నా మొగం ఊరంతా తిరిగితే ఇంట్లో నాకు కూడు పెడతారా అక్కా?" అని నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇక మిగిలింది నేను. ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించి, టైమర్ పెట్టి, పరిగెత్తి పోయి నిలబడేదాన్ని. బట్టలు పిండుతూ, పిండి రుబ్బుతూ, అందరూ తిన్నాక గిన్నె అడుగు గీక్కుంటూ. మొదట్లో ఫోన్ కోసం నవ్వాను. తర్వాత అది ఉందని మరిచిపోయాను. మరిచిపోయినవే బాగా వచ్చాయి. ఒకదాంట్లో పొయ్యి ముందు నిలబడి ఎటో చూస్తున్నాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు ఈ మొహంతోనే ఇంట్లో తిరిగానా, ఏమైందే అని ఒక్కరూ అడగలేదా అనుకున్నాను. అడిగితే మాత్రం ఏం చెప్తాను. ఒంట్లో బాగాలేదు అనడానికి జ్వరమైనా ఉండాలి. దీనికి జ్వరం లేదు, మందు లేదు. పొద్దున లేస్తే ఉంటుంది. పని చేస్తుంటే ఉంటుంది. పడుకుంటే పక్కన పడుకుంటుంది.

ఫోటోల కంపెనీలో పేరు రాయించేటప్పుడు చిక్కు వచ్చింది. పెళ్ళికి ముందు విరుదునగర్‌లో తెరిచిన బ్యాంకు పుస్తకంలో నా పేరు ముందు మా నాయన పేరులో మొదటి అక్షరం ఉంది. ఆధార్‌లో మొగుడి అక్షరం. ఇద్దరూ ఒక మనిషి కాదన్నారు. సరిచేయించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పనికి పోకపోతే ఫ్యాక్టరీలో ఊరుకోరు. మా ఆయన హరికృష్ణన్ అప్పటిదాకా నా ఫోటోలు చూడనే లేదు.

"నా పేరు మీద వెయ్యి. నీదేంది, నాదేంది" అన్నాడు.

ఏ పేరుతోనైనా పోతే చాలనుకుని వేశాను.

పత్తి, మిరపకాయలు తీసుకున్నారు. కింద ఆయన పేరు. ఆయన స్నేహితుడు ఇసక్కిరాజా చూడడానికి ఇంటికే వచ్చాడు.

"అన్నకి ఇంత తెలివుండాదని నాకు తెలవనే తెలవదు వదినా."

"ఊరికే, పొద్దు పోక తీస్తా ఉంటాను" అన్నాడు ఆయన.

"చిన్నప్పుడే వాడు గోడ మీద బొమ్మలేసేవాడు" అంది అత్త.

నేను కాఫీ ఇచ్చాను.

నా ముఖం ఉన్నవి మాత్రం ఆగిపోయాయి. ఆదివారం నేను గిన్నెలు తోముతుంటే ఆయన ఒక కాగితం ప్రింటు తీయించుకొచ్చాడు. ఒక చోట ఆయన సంతకం అప్పటికే ఉంది.

"ఇక్కడ కైయెళుత్తు పెట్టు సెల్వీ. నీ సంతకం ఉంటేనే తీసుకుంటారంట. అవే బాగా పోతాయని కార్తిక చెప్పింది."

"ఏం రాసుండాది?"

"హరికృష్ణన్ తీసిన పటంలో ఉండేది నేనే, అమ్మేకి నాకు సమ్మతం అని."

"తీసింది నేను కదా."

"అది ఎవురడిగినారు. నీ మొగానికే అడిగినారు."

"ఒక గీత పెట్టేకి ఇంత ఆలోచనా" అంది అత్త లోపల్నుంచి. "ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు నన్నెవురూ అడగనే లేదు."

పెట్టకపోతే ఆ ఫోటోలు ఇక ఎక్కడికీ పోవు. పేరు సరిచేయించుకుని మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాలో లేదని నాకు తెలుసు. నేను చేసిన మంచి పని అదొక్కటే. ఈ ఇంట్లో నా సమ్మతం కావలసి రావడం ఇదే మొదటిసారి. అడిగింది కూడా ఇంటివాళ్ళు కాదు, ఎక్కడో ఉన్న కంపెనీ.

ఆయన పెన్ను మూత తీసి ఇచ్చాడు. చేయి తుడుచుకుని తీసుకున్నాను. మూత పెట్టి తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.

"ఆ పటంలో ఉండే ఆమెకి సమ్మతం లేదు" అన్నాను.